లైన్‌మన్ అమ్మిన కొవ్వొత్తులు

శుభవార్త వచ్చిన క్షణంలో ఆమె చెవిలో ఒక ముసలాయన తన ఫ్రిజ్ ఆగిపోయిందని గోల పెడుతున్నాడు.

కరెంటు ఆఫీసు ఫిర్యాదుల గదిలో కిటికీ పక్క బల్ల ఆమెది. తలకి హెడ్‌ఫోన్, ఎదురుగా కంప్యూటర్, పక్కన గ్లాసులో ఇంటి నుంచి తెచ్చుకున్న ఒకే ఒక్క పసుప్పచ్చ పువ్వు. సొంత ఫోను బోర్లా పెట్టాలని అక్కడ నియమం. బోర్లా పెట్టిన ఆ ఫోను బల్ల మీద గుర్రుమంటూ జరిగింది. మూల ఎత్తి చూసింది. భర్త పంపినవి రెండే మాటలు: ‘పిడుగు సెలెక్టయింది.’

"అబ్బ! ఎంత మంచి మాట!" అని అరిచేసింది.

ఫోనులో ముసలాయన ఒక్క క్షణం ఆగాడు. "నా ఫ్రిజ్ ఆగిపోవడం నీకంత మంచి మాటగా ఉందా తల్లీ?"

"అయ్యయ్యో, మీది కాదు తాతగారూ! మా అమ్మాయి ఫుట్‌బాల్ టీములోకి వచ్చిందట. ఇప్పుడే తెలిసింది."

"అలాగా. ఎన్నో క్లాసు?"

"ఏడు."

"నీ గొంతు వింటే అంత పెద్ద పిల్ల ఉన్నట్టు లేదే."

"నాకు పెళ్ళయి నెల కూడా కాలేదండీ. అమ్మాయి రెడీమేడ్‌గా వచ్చింది."

ముసలాయన నవ్వాడు. నవ్వాక గుర్తొచ్చి మళ్ళీ కోపం తెచ్చుకున్నాడు. "సరే, సంతోషం. ఇప్పుడు నా ఫ్రిజ్ సంగతి చూడు. అందులో నా ఇన్సులిన్ ఉంది."

ఆమె వైర్‌లెస్ మీట నొక్కింది. "లైన్‌మన్ గారూ, మార్కెట్ వెనక వీధిలో తాతగారికి లో వోల్టేజీ. మందులున్న ఫ్రిజ్. ముందు అది చూడండి, సంబరాలు తర్వాత."

"చిత్తం మేడమ్," అని గరగరమంటూ జవాబొచ్చింది.

ఆ ‘చిత్తం మేడమ్’నే ఆమె పెళ్ళి చేసుకుంది. మనిషిని చూసింది ఆ తర్వాతే. ఆ మనిషితో పాటు పిడుగు అనే కూతురూ, వంటింటి గడప మీద కూర్చుని లోకాన్నంతా తూకం వేసే అత్తగారూ వచ్చారు. పిడుగు ఆమెని ‘పిన్నిగారూ’ అంటుంది, బళ్ళో టీచర్ని పిలిచినట్టు. అది విని వీధిలో వాళ్ళు కూడా పిన్ని అనడం మొదలుపెట్టారు. ఆ పిలుపు వినబడ్డప్పుడల్లా ఆమె కొత్త గాజులు వేసుకున్న చిన్నపిల్లలా మురిసిపోతుంది.

ఆ సాయంత్రం ముగ్గురూ ఒకే బండి మీద క్లబ్బుకి వెళ్ళారు. మధ్యలో పిడుగు. మలుపు దగ్గర బండి వాలితే వెనక్కి తిరిగి, "పిన్నిగారూ, కావాలంటే మీరు నా భుజం పట్టుకోవచ్చు," అంది మర్యాదగా. పట్టుకోవాల్సిన అవసరం లేకపోయినా పిన్ని దారంతా పట్టుకునే కూర్చుంది.

మైదానంలో గడ్డి అక్కడక్కడా ఉంది. గోలుపోస్టుకి కట్టిన వల ఒక మూల చిరిగితే ప్లాస్టిక్ తాడుతో ముడేశారు. ఆ ముళ్ళు వేసేది గోల్‌కీపరే. వయసుకి మించిన పొడుగు, మాట తక్కువ. బంతి ఆమెని దాటి పోదు కాబట్టి పిల్లలంతా గోడ అంటారు. పిన్ని వెళ్ళేసరికి గోడ మోకాళ్ళ మీద కూర్చుని తాడు కొసని పళ్ళతో లాగి బిగిస్తోంది. మైదానానికి అవతల మాత్రం అద్దాల తలుపులతో ఒక హాలు కొత్తగా లేస్తోంది. సభ్యులు కూర్చోవడానికట.

సెక్రటరీ గారు ఒక్కో పిల్లనీ పిలిచి రెండు చేతులా జెర్సీ అందించారు. తెల్ల బూట్లు, మెత్తని గొంతు. ప్రతి మాటకి ముందూ "మనమంతా ఒక కుటుంబం" అంటారు. పిడుగు జెర్సీని ముక్కుకి ఆనించి వాసన చూసింది. ఎవరూ చూడలేదనుకుంది. పిన్ని చూసి, చూడనట్టు తల తిప్పుకుంది.

జెర్సీ అయ్యాక ఒక్కో కుటుంబానికీ ఒక్కో అట్టపెట్టె చేతిలో పెట్టారు. బరువు చూసి బూట్లు కాబోలు అనుకుంది పిన్ని.

"సువాసన కొవ్వొత్తులండీ," అన్నారు సెక్రటరీ గారు. "హాలు పూర్తి కావాలి కదా. శనివారం సాయంత్రానికి అందరూ ఖాళీ పెట్టెలూ, అమ్మిన డబ్బూ తెచ్చి ఇక్కడ పెట్టాలి. ఖాళీ పెట్టెల పిల్లలు ఆదివారం మ్యాచ్ ఆడతారు. మిగతా పిల్లలు బెంచీ మీద కూర్చుంటారు. వాళ్ళూ మన పిల్లలే. చప్పట్లు కొట్టేవాళ్ళు కూడా కావాలి కదండీ!"

కొందరు తల్లిదండ్రులు నవ్వారు. నవ్వాల్సిన చోటేమో అనుకుని పిన్ని సగం నవ్వి, అక్కడే ఆపేసింది.

"నాన్న అమ్మలేకపోతే పిల్లకి శిక్షా అండీ?" అంది.

"శిక్ష అనకండి మేడమ్. ప్రోత్సాహం."

వెనక వరస నుంచి గోడ వాళ్ళమ్మ లేచింది. ఆస్పత్రి లాండ్రీలో పని చేస్తుంది. మందునీళ్ళలో నాని నాని ఆమె వేలికొసలు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. "సార్, నాకు రెండు షిఫ్టులు. ఇల్లిల్లూ తిరిగే తీరిక నాకు లేదు. టీము బట్టలన్నీ సీజనంతా నేను ఉతికి, ఆరేసి, మడత పెట్టి తెస్తాను. ఈ పెట్టె నాకొద్దు."

"ఉతకడానికి మనకి మనుషులున్నారమ్మా. మీ నుంచి కావాల్సింది భాగస్వామ్యం."

"ఉతికితే భాగస్వామ్యం కాదా సార్?"

సెక్రటరీ గారు అప్పటికే పక్క కుటుంబం వైపు తిరిగి చిరునవ్వు నవ్వుతున్నారు. లాండ్రీ అక్క కాసేపు అలాగే నిలబడి, కూర్చుంది. పెట్టె ఒళ్ళోనే ఉండిపోయింది.

"మరి ఆ వల కొత్తది కొంటారాండీ?" అని లైన్‌మన్ వెళ్తూ వెళ్తూ అడిగాడు.

"తాడుందిగా!" అన్నారాయన.

*

"దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే," అంది అత్తగారు పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి. "బంతి తన్నేది పిల్లట, కొవ్వొత్తులమ్మేది ఇంటిల్లిపాదీనట. రేపు పాట నేర్పిస్తే చీపుళ్ళు అమ్మమంటారేమో!"

మొదటి ప్యాకెట్ పిన్నే కొంది. పెట్టె మీద మల్లెపూల వాసన అని రాసుంది గానీ సబ్బు వాసనొస్తోంది. అయినా సరే, భోజనాల వేళ లైటార్పి బల్ల మీద ఒకటి వెలిగించింది.

"ఏమోయ్, పొద్దున్నుంచీ స్తంభాలెక్కి నేను వెలిగిస్తుంటే నువ్విక్కడ ఆర్పేస్తున్నావా?" అన్నాడు లైన్‌మన్.

"కరెంటు వాడింట్లో చీకటి భోజనం! బయట అనకండి, పరువు పోతుంది," అంది అత్తగారు. పిడుగు నోట్లో ముద్ద పెట్టుకుని నవ్వబోయి పొలమారింది. ఆ నవ్వు కోసమైతే పెట్టెడు కొవ్వొత్తులూ తనే కొనేయొచ్చనిపించింది పిన్నికి.

మర్నాడు డ్యూటీ దిగి, సంచీ భుజాన వేసుకుని బయల్దేరింది. మొదటి ఇంటి మెట్లు హుషారుగా ఎక్కింది.

"ఈ వాసనకి దోమలు పోతాయా?" అని అడిగిందా ఇంటావిడ.

"పోవండీ."

"మరి దేనికి?"

దేనికో పిన్నికీ తెలియలేదు. పక్కింటావిడ కాస్త జాలిపడింది. "మొన్న ఎవరిదో స్కూలని పెన్నులు కొన్నాం. అంతకు ముందు డాన్సు క్లాసని తువ్వాళ్ళు. ఊళ్ళో పిల్లలందరి భవిష్యత్తూ మా అటక మీదే ఉందమ్మా. ఇంక చోటు లేదు." ఆ పై ఇంట్లో తలుపు తీయకుండానే "మాకొద్దు" అన్నారు. ఇంకో ఇంట్లో తీసి, కొవ్వొత్తి చూసి, "మా వాడిదీ అదే క్లబ్బు, మా పెట్టె మీరు కొంటారా?" అన్నారు.

పొద్దుగూకేసరికి ఒక్క ప్యాకెట్టే అమ్ముడుపోయింది. కొన్నది అప్పుడే పెళ్ళైన జంట. వాళ్ళ గుమ్మంలో నిలబడి ముగ్గురూ కాసేపు ఊరికే నవ్వుకున్నారు. అదొక్కటే ఆ రోజుకి లాభం.

గుమ్మంలో బంతిని మోకాలి మీద ఎగరేస్తున్న పిడుగు, సంచీ ఎంత బరువుగా ఉందో చూసింది. బంతి కిందపడింది.

"ఇటివ్వు," అన్నాడు లైన్‌మన్.

"మీరా? మీకు మాటే రాదు కదండీ."

"నా వీధులు నాకున్నాయి."

మర్నాడు ఆఖరి ఫిర్యాదు చూసుకుని, అదే ఖాకీ చొక్కాతో, నెత్తిన అదే హెల్మెట్‌తో, బండికి కట్టిన నిచ్చెన పక్కనే పెట్టె కట్టుకుని వెళ్ళాడు. చూస్తుండగానే తిరిగొచ్చాడు. పెట్టె తలకిందులుగా పట్టుకుని దులిపి చూపించాడు. పిడుగు కేక పెట్టి తండ్రి మెడకి వేలాడింది. పిన్ని ఇద్దరి చుట్టూ గిరగిరా తిరిగింది.

"ఏం చెప్పి అమ్మావురా?" అంది అత్తగారు అనుమానంగా. "నోరు తెరిచి ఉప్పు కావాలని అడగలేని వాడివి."

"ఏం చెప్పానే అమ్మా? కొవ్వొత్తులు తీసుకోండి, ఇంట్లో ఉంటే మంచిది అన్నాను. అందరూ లోపలికి పిలిచి మంచినీళ్ళిచ్చారు. ఒకావిడ ఎన్ని తీసుకోమంటావు బాబూ అంటే, ఎన్ని తీసుకుంటే నాకంత సంతోషమమ్మా అన్నాను. మిగిలినవన్నీ తీసుకుంది." అతని కళ్ళల్లో ఆశ్చర్యం. "మనమంటే ఇంత అభిమానమని నాకిన్నాళ్ళూ తెలీదు."

*

మర్నాడు పొద్దున పిన్ని హెడ్‌ఫోన్ పెట్టుకుందో లేదో, మొదటి ఫోను.

"ఎన్ని రోజులుండదు మేడమ్?"

"ఏమిటండీ?"

"కరెంటండీ! దాచకండి. మీ లైన్‌మనే ఇంటింటికీ వచ్చి కొవ్వొత్తులిచ్చి వెళ్ళాడు కదా. ఉంటే మంచిదన్నాడు. మంచివాడు కాబట్టి ముందే చెప్పాడు."

ఆ ఫోను పెట్టేలోగా పక్క బల్ల మీద మోగింది. ఆ పక్క బల్ల మీదా మోగింది. ఒక దర్జీ కుట్టడానికి తీసుకున్న బట్టలన్నీ వెనక్కి పంపేశాడట. ఒకావిడ ఇంట్లో ఉన్న బిందెలూ గిన్నెలూ అన్నీ నీళ్ళతో నింపి, ఇప్పుడు వంటకి గిన్నె లేక కూర్చుందట. ఇంకొకతను ఏకంగా తిట్టాడు: "ముందు మీరే కొవ్వొత్తులమ్మడం, తర్వాత మీరే కరెంటు తీయడం! ఈ వ్యాపారం ఎన్నాళ్ళ నుంచి?"

ఫ్రిజ్ తాతగారు మాత్రం కొత్త నంబరు నుంచి చేశాడు.

"ఏం తల్లీ, నాకొక్క మాట ముందు చెప్పకూడదా? మొన్నేగా నీ గొంతు విని సంతోషించాను. మా చెల్లెలి ఇంటికి వచ్చేశాను. ఊరికి ఆ కొస. మందు ఐసు ముక్కల్లో పెట్టుకుని బస్సెక్కాను. నిలబడే వచ్చాను. ఐసు కరిగి చొక్కా తడిసింది గానీ మందు చల్లగానే ఉంది. కరెంటు ఎప్పుడొస్తుందో చెబితే అప్పుడు తిరిగొస్తాను."

"తాతగారూ," అంది పిన్ని. "కరెంటు పోదండీ. అసలు పోనే లేదు."

"మరి అతను?"

ఉన్నదున్నట్టు చెప్పింది. క్లబ్బు, పెట్టె, బెంచీ, అన్నీ.

"అంటే, ఒక పిల్ల బంతి తన్నడానికా నేను బస్సులో నిలబడ్డది?"

ఆయన అరిచి ఉంటే బాగుండుననిపించింది. ఆయన అరవలేదు. అర్థం చేసుకోవడానికి ప్రయత్నిస్తున్న మనిషి గొంతు అది. పిన్నికి చెవుల దాకా వేడెక్కింది. భర్త మీద కాదు ఆ కోపం. అతను ఉంటే మంచిదన్నాడు, అంతే. తెల్ల బూట్ల పెద్దమనిషి అద్దాల హాల్లో కాళ్ళు చాపుకుని కూర్చోవడానికి, ఎవరి పిల్లకో ఆశ చూపి, ఇంకెవరి తలుపో తట్టించి, చివరికి డెబ్భై ఏళ్ళ మనిషి చేత ఐసు డబ్బా పట్టించిన ఆ మెత్తని గొంతు మీద. మనమంతా ఒక కుటుంబమట!

మధ్యాహ్నం ఇంజనీరు గారు లైన్‌మన్‌ని పిలిపించారు. తలుపు మూసి ఉన్నా మాటలు బయటికి వినబడ్డాయి. "నువ్వు డిపార్ట్‌మెంటు వాడివా, కొవ్వొత్తుల కంపెనీ వాడివా? ఆ చొక్కా చూసి జనం నమ్ముతారయ్యా! వెళ్ళి ప్రతి గుమ్మం దగ్గరా నిజం చెప్పి రా." లైన్‌మన్ బయటికొచ్చి పిన్ని బల్ల ముందు నిలబడ్డాడు. చేతులు హెల్మెట్ పట్టీని తిప్పుతూనే ఉన్నాయి.

"మంచినీళ్ళిచ్చారే," అన్నాడు. "భయపడి ఇచ్చారు."

*

ఆ సాయంత్రం ఇద్దరూ, పిడుగుని వెంట తీసుకెళ్దామని, ముందు మైదానానికి వెళ్ళారు. వీళ్ళని చూడగానే సెక్రటరీ గారు చేతులెత్తి చప్పట్లు కొట్టారు. ఖాళీ పెట్టె పొద్దున డ్యూటీకి వెళ్తూ లైన్‌మనే ఇచ్చి వెళ్ళాడు, డబ్బు ఇంకా కట్టలేదు. అది బల్ల మీద బహుమతిలా పెట్టి ఉంది.

"చూడండమ్మా అందరూ! ఒక్క సాయంత్రంలో! సంకల్పం ఉంటే తీరిక అదే వస్తుంది. కొందరి దగ్గర తీరిక లేదనే మాట ఒక్కటే ఉంటుంది."

ఆ కొందరిలో ఒకరైన లాండ్రీ అక్క అక్కడ లేదు, షిఫ్టులో ఉంది. ఆమె కూతురుంది. గోడ చేతుల నుంచి గ్లవ్స్ తీయించి మందుల షాపాయన కూతురికి తొడిగించారు, అలవాటు కావాలని. ఆ పిల్ల చేతులకి అవి వదులుగా వేలాడుతున్నాయి. గోడ వెళ్ళి బెంచీ మీద కూర్చుంది. ఆట మొదలైన కాసేపటికి కొత్త కీపర్ వెనక తాడు ముడి ఊడి వల జారింది. ఎవరూ పట్టించుకోలేదు. గోడ లేచి వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, పళ్ళతో లాగి ముడేసి, మళ్ళీ వెళ్ళి బెంచీ మీద కూర్చుంది.

పిన్ని ఇక ఆగలేకపోయింది. "సెక్రటరీ గారూ, ఆ చప్పట్లు ఆపండి. అవి అమ్మినవి కావు. కరెంటు పోతుందని భయపడి జనం కొన్నవి."

ఆయన హాయిగా నవ్వారు. "మార్కెటింగ్ అంటే అదే కదా మేడమ్!"

పిన్ని ఆ బల్ల మీది ఖాళీ పెట్టె తీసి చంకలో పెట్టుకుంది. "ఇది మాది. తీసుకెళ్తున్నాం."

దారిలో బండి ఆపి లైన్‌మన్ కూతురికి సంగతంతా చెప్పాడు. పిడుగు నేలచూపులు చూస్తూ వింది.

"అందరూ తిరిగిచ్చేస్తే నేను ఆదివారం ఆడనా?"

లైన్‌మన్ ఎదురుగా ఉన్న స్తంభం వైపు చూశాడు. పిన్నికి అబద్ధం ఆడాలని ఎంతో ఉంది. "ఆడవు," అంది.

"తెలిసే వెళ్తున్నారా?"

"తాతగారు బస్సులో నిలబడి వెళ్ళారమ్మా."

పిడుగు బూటు కొసతో రాయిని అటూ ఇటూ దొర్లించింది. తర్వాత చెయ్యి చాపింది. "పెట్టె నేను పట్టుకుంటాను."

దర్జీ తిట్టాల్సినంతా తిట్టి, చివర్లో, "ఇలా తిరిగొచ్చి చెప్పినవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశానయ్యా," అన్నాడు. బిందెలావిడ నవ్వి నవ్వి గుమ్మానికి ఆనుకుపోయింది. ఆ నీళ్ళన్నీ మొక్కలకి పోయించింది లైన్‌మన్ చేత. ప్రతి గుమ్మం దగ్గరా లైన్‌మన్ హెల్మెట్ చంకలో పెట్టుకుని ఒకటే మాట అన్నాడు: "కరెంటు పోదమ్మా. ఇవి మా పిల్ల ఆట కోసం. నేను సరిగ్గా చెప్పలేదు." కొన్నవాళ్ళకి వాళ్ళ డబ్బు తిరిగిచ్చింది పిన్ని. ప్యాకెట్లు ఒక్కొక్కటే తీసి పెట్టెలో పేర్చింది పిడుగు. అది నిండుతున్నకొద్దీ చేతులు మార్చుకుంది గానీ కింద పెట్టలేదు.

శనివారం పొద్దున్నే వెళ్ళి తాతగారిని బండి మీద తీసుకొచ్చారు. ఐసు డబ్బా పిన్ని ఒళ్ళో. గుమ్మంలో పెట్టె పట్టుకుని ఎదురుచూస్తున్న పిడుగుకి తన ప్యాకెట్లన్నీ ఇచ్చేసి, ఆయన ఒక్క కొవ్వొత్తి మాత్రం ఉంచుకున్నాడు.

"మీ మీద కోపమొచ్చినప్పుడు వెలిగించుకుంటాను," అన్నాడు. "ఈ పిల్లేనా రెడీమేడ్?"

"ఈ పిల్లే," అంది పిన్ని.

*

సాయంత్రం నిండు పెట్టె చూడగానే సెక్రటరీ గారు ముగ్గురినీ అద్దాల హాల్లోకి తీసుకెళ్ళారు. సోఫాల మీద ఇంకా ప్లాస్టిక్ కవర్లు తీయలేదు. కూర్చుంటే కిర్రుమన్నాయి.

"ఎందుకండీ ఇంత పట్టుదల?" అన్నారు మెత్తగా. "మీ పెట్టె నిన్ననే ఖాళీగా వచ్చింది. నాకు తెలిసిందంతే. ఇప్పుడు మీ చేతిలో ఏముందో నేను చూడలేదు. మీరూ చూపించలేదు. పిడుగు లేకపోతే రేపు మనకి గోలు కొట్టేదెవరు?"

పిన్ని గుండె ఒక్కసారి ఎగిరింది. ఎగిరినందుకు సిగ్గేసింది. అయినా ఎగిరింది. ఊ అంటే చాలు. పిల్ల రేపు ఆడుతుంది. ఇంటికి వెళ్ళి జెర్సీ ఇస్త్రీ చేయొచ్చు. పిడుగు ముఖంలోకి చూసింది. అక్కడా అదే వెలుగు వచ్చి నిలబడింది.

"మరి గోడ?" అంది పిన్ని.

"వాళ్ళమ్మ పెట్టె సగం కూడా కాలేదండీ. నియమం నియమమే కదా."

"మా పెట్టె నిండా ఉంది. వాళ్ళది కొంతైనా అయింది. మేం ఆడొచ్చు, వాళ్ళు ఆడకూడదు. ఇదేం నియమమండీ?"

"మేడమ్, గోల్‌కీపర్ ఇంకొకరు దొరికారు. గోలు కొట్టేవాళ్ళు దొరకలేదు. మీరు చదువుకున్నవారు, అర్థం చేసుకోవాలి."

లైన్‌మన్ కిర్రుమనే సోఫాలోంచి లేచాడు. అతను నోరు తెరిచేలోగా పిడుగు కదిలింది. వంగి, నేల మీద ఉన్న పెట్టెని రెండు చేతులా ఎత్తింది. బరువుకి మెడ నరాలు బిగిశాయి. నాలుగడుగులు వేసి, సెక్రటరీ గారి ముందున్న గాజుబల్ల మీద, ఆయన టీ కప్పు పక్కకి జరిగేలా పెట్టి, మూత తెరిచింది. సబ్బు వాసన గుప్పుమంది.

"ఇప్పుడు చూశారుగా అంకుల్," అంది.

*

ఇంటికొచ్చాక పిడుగు వసారా మెట్టు మీద కూర్చుని బూట్ల మట్టి పుల్లతో గీకసాగింది. ఏడుపు ముఖం కాదు. ఏడుపు రాకుండా చేతికి పని పెట్టుకున్న ముఖం. పిన్ని వెళ్ళి పక్కన కూర్చుని రెండో బూటు తీసుకుంది. ఇద్దరూ గీకుతుంటే, వీధి మలుపులో లాండ్రీ అక్క, వెనక గోడ కనబడ్డారు. షిఫ్టు నుంచి తిన్నగా వచ్చినట్టుంది, ఆమె చేతులింకా మందునీళ్ళ వాసనొస్తున్నాయి.

"మీ పిల్ల మా పిల్ల కోసం ఆట మానుకుందట కదా, క్లబ్బులో అంతా చెప్పుకుంటున్నారు," అంది గుమ్మంలోనే నిలబడి. కోపంగా. "ఎవరు మానుకోమన్నారు? మా బాధేదో మేం పడతాం. పోయి ఆడమనండి."

"కోసం కాదు ఆంటీ," అంది పిడుగు. "వెనకాల గోడ లేకపోతే నేను ముందుకెలా వెళ్ళను? ఆ గ్లవ్స్ ఆ పిల్లకి పట్టవు."

"పట్టవు," అంది గోడ. ఆ సాయంత్రం ఆమె పలికిన మొదటి మాట అది.

"నిజంగానే పట్టవండీ," అని గేటు బయట నుంచి ఇంకో గొంతు. మందుల షాపాయన కూతుర్ని వెంటబెట్టుకుని నిలబడి ఉన్నాడు. గ్లవ్స్ ఆ పిల్ల చేతిలో ఉన్నాయి. లోపలికొచ్చి గొంతు తగ్గించాడు. "మాది ఖాళీ పెట్టే అనుకోండి. కానీ కొవ్వొత్తులన్నీ మా మంచం కింద ఉన్నాయి. అన్నీ నేనే కొనేశాను. మా ఆవిడకి ఆ వాసనకి నిద్ర పట్టడం లేదు. విషయం తెలిసి ఇద్దరు ముగ్గుర్ని అడిగాను. అందరివీ మంచాల కిందే ఉన్నాయి."

అత్తగారు గడప మీద నుంచి పకపకా నవ్వింది. "అయితే ఊళ్ళో నిజంగా కొవ్వొత్తులమ్మినవాడు మా వాడొక్కడేనన్నమాట! అదీ భయపెట్టి!"

లైన్‌మన్ కూడా నవ్వాడు, రెండు రోజుల తర్వాత. లాండ్రీ అక్క మొదట నవ్వలేదు. తర్వాత మెట్టు మీద కూర్చుని, తెల్లబడ్డ వేళ్ళతో నోరు మూసుకుని, ఆగకుండా నవ్వింది.

పిడుగు బూటు కింద పెట్టింది. గోడ వైపు చూసింది. మందుల షాపాయన కూతురు గ్లవ్స్ చాపితే గోడ తీసుకుంది గానీ తొడుక్కోలేదు.

"రేపు పొద్దున అందరం టైముకే వెళ్దాం," అంది పిడుగు. "జెర్సీలు వేసుకుని, బూట్లు కట్టుకుని. మంచాల కింద ఉన్నవన్నీ పట్టుకెళ్ళి అంకుల్ గాజుబల్ల మీద పెట్టేద్దాం. పెట్టేసి బెంచీ మీద కూర్చుందాం. గోడని లోపలికి పిలిస్తే అందరం లేస్తాం."

"పిలవకపోతే?" అన్నాడు మందుల షాపాయన.

"చప్పట్లు కొడతాం. చప్పట్లు కొట్టేవాళ్ళు కూడా కావాలన్నారుగా."

మందుల షాపాయన ఫోను తీసి మిగతా ఇళ్ళకి కలపడం మొదలుపెట్టాడు.

"బెంచీ చాలదు," అన్నాడు లైన్‌మన్ ఆలోచిస్తూ.

"మన చెక్కబల్ల లేదట్రా? నిచ్చెనతో పాటు బండికి కట్టు," అంది అత్తగారు. "నాకు మాత్రం వీపున్న కుర్చీ. ఆ తెల్ల బూట్లాయన్ని నేనూ ఒకసారి చూడాలి."

"నేను షిఫ్టు దిగి తిన్నగా అక్కడికే వస్తాను," అంది లాండ్రీ అక్క. "కొత్త తాడు తెస్తాను. రేపు దాన్ని పళ్ళతో లాగనివ్వను."

పిడుగు రెండు బూట్లూ జత చేసి మెట్టు మీద ఒక పక్కగా పెట్టింది. లేచి, లోపలికి వెళ్తూ గడప దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"పిన్నీ, రేపు నీ డ్యూటీ ఎవరితోనైనా మార్చుకో. నా పక్కన నీకు చోటుంచుతాను."